పగలు వెలిగిన ట్యూబ్‌లైటు

మాదాపూర్‌లో ఆ రోజుల్లో గుసగుసగా కూరగాయలు బేరమాడే మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ పేరు వాసంతి. తోపుడు బండి దగ్గర నిలబడి, పక్కనే ఎవరో జబ్బుమనిషి పడుకున్నట్టు, "వంకాయలు ఎలా ఇస్తున్నావు బాబూ?" అని గొంతు దాచుకుని అడిగేది. బండివాడు అటూ ఇటూ చూసి, తనూ గొంతు తగ్గించి ధర చెప్పేవాడు. చుట్టూ కంకర లారీలు, బండలు పేల్చే చప్పుళ్ళు. హైటెక్ సిటీ భవనం కొత్తగా లేచింది, దాని పక్కన ఇంకెన్నో లేవబోతున్నాయి. అంత గోలలో వీళ్ళిద్దరూ ఏదో రహస్యం పంచుకుంటున్నట్టు వంకాయల గురించి మాట్లాడుకునేవారు.

అది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు. అమలాపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో వాసంతి సైన్సు టీచరు. ఆవిడ ఎనిమిదో తరగతిలో పాఠం చెబితే పక్క గదిలో పదో తరగతి వాళ్ళు కూడా నోట్సు రాసుకుంటారని తోటి టీచర్లు వేళాకోళం చేసేవారు. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక ఆ గొంతు ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలియదు.

కారణం భర్త పార్థసారథి ఉద్యోగం. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటల్ని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని విని టైపు చేయాలి. సాయంత్రం కంపెనీ వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది, తెల్లారాక తెచ్చి దింపుతుంది. పగలంతా అతను పడుకోవాలి. నిద్ర చాలకపోతే ఒక మందు పేరు ఉండాల్సిన చోట ఇంకో మందు పేరు పడుతుంది. అలా పడితే ఊరుకోరు.

ఇల్లు చూస్తే కొమురయ్య మేస్త్రి ఇంటి మీద ఒక్క గది, వంటకి దాని మూలనే ఒక గట్టు. ఎక్కి రావడానికి బయట ఇనప మెట్లు. ఉన్న ఒక్క కిటికీకి నల్లటి దుప్పటి బిగించి కట్టారు. సారథి పొద్దున్నే ఉప్మా తిని పడుకునేవాడు, ఆ గదిలో అప్పుడు రాత్రి మొదలయ్యేది. వాసంతి కుక్కరు అటక మీద పెట్టేసి, కూత లేకుండా గిన్నెలో అన్నం వార్చేది. గాజులు మోచేతి దాకా తోసుకుని అంట్లు తోమేది. గిన్నె మీద గరిటె తగిలితే తనే ఉలిక్కిపడేది. పని అయ్యాక చీకట్లో కూర్చుని చేయడానికేమీ ఉండదు కాబట్టి, ఎంత మెల్లగా అడుగేసినా చెప్పులు టకటకలాడుతుంటే ఇనప మెట్లు దిగి, కింద అరుగు మీద కొమురయ్య భార్య నర్సమ్మ దగ్గర కూర్చునేది.

"ఏందమ్మా గిట్ల గుసగుస మాట్లాడ్తవ్?" అని నర్సమ్మ మొదటి వారంలోనే అడిగేసింది. "గొంతు నొస్తుందా?"

"లేదండీ పిన్నిగారూ, ఆయన పడుకున్నారు."

"సారు పైన పండుకుండు. గీడ ఉన్నది నేను. నాకేం ఇనపడ్తలేదు, జర గట్టిగ మాట్లాడు బిడ్డా."

వాసంతి నవ్వేది కానీ గొంతు పెరిగేది కాదు. మనసులో మాత్రం వేరే లెక్క నడుస్తోంది. స్కూలు కరస్పాండెంటు రామబ్రహ్మంగారు పెద్దమనిషి. పెళ్ళి కోసం మానేస్తానంటే ఒప్పుకోక, సెలవు ఇచ్చి పంపారు. "జూన్లో బడి తెరిచే రోజుకి వస్తే నీ క్లాసు నీది. రాకపోతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదమ్మా," అన్నారు. అంటే జూన్ లోపల తేల్చుకోవాలి. వెళితే సారథి ఇక్కడ, తను అక్కడ, పండక్కీ పబ్బానికీ కలుసుకోవడం. ఉండిపోతే ఈ చీకటి గది. ఇక్కడే ఏదైనా బళ్ళో చేరమని సారథి అంటూనే ఉన్నాడు. ఇక్కడ ఉద్యోగం వెతుక్కోవడమంటే ఇక్కడే ఉండిపోతానని ఒప్పుకోవడం. అందుకు మనసు రాలేదు.

అలాంటప్పుడు, చలి తగ్గుతున్న రోజుల్లో, సారథి ఒక చేపల తొట్టి ఆటోలో పెట్టుకుని వచ్చాడు. అతని ఆఫీసులో చైతన్య అనే కుర్రవాడికి బెంగుళూరులో పని దొరికింది. తొట్టి మోసుకుపోలేక ఇతనికి ఇచ్చేశాడు. సగం నీళ్ళు సారథి ప్యాంటు మీదే ఉన్నాయి.

"ఈ బండల మధ్య ఒక్క పచ్చటి ఆకు లేదన్నావుగా," అన్నాడు, తొట్టి బల్ల మీద దించుతూ.

రెండడుగుల పొడవు, మూరెడు లోతు. నాలుగైదు చిన్న చేపలు. వాటికంటే ముందు వాసంతి కళ్ళు మొక్కల మీద పడ్డాయి. ఒకటి ఈకలా సన్నగా చీలిన ఆకులది. ఒకటి వెడల్పాటి ఆకులది. మూడోది పొడుగ్గా, జడకి కట్టే రిబ్బనులా ఉంది. దాన్ని చూసి ఆవిడ నేల మీద చతికిలబడి మరీ దగ్గరగా చూసింది. అది వాళ్ళ కాలవల్లో పెరిగే నాచే. నీటి మొక్కల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల చేత తెప్పించి, గాజు గ్లాసులో పెట్టి చూపించేది. ఈ ఊళ్ళో తనకు ముందే తెలిసిన ముఖం అదొక్కటే.

ఆ రోజే వాసంతి ఎవరికీ చెప్పకుండా మనసులో ఒక పందెం వేసుకుంది. ఈ మొక్కలు ఈ గదిలో బతికి చిగురేస్తే తనూ ఇక్కడ బతకగలదు. పోతే, జూన్లో అమలాపురం బస్సు ఎక్కడమే. సైన్సు టీచరు వేయవలసిన పందెం కాదనుకోండి. దిక్కు తోచనప్పుడు ఎంత చదువుకున్న మనిషైనా ఏదో ఒక చెట్టునో పిట్టనో అడుగుతుంది.

తొట్టి మూతకి నీలం రంగు జీరో బల్బు ఉంది. వాసంతి పెరిగిన ఇంట్లో పగలు లైటు వేయడమన్న మాటే లేదు. దీపాలు పెట్టే వేళకి స్విచ్చి వేసి, వెలిగిన బల్బుకి చేతులు జోడించి దణ్ణం పెట్టుకోవడం వాళ్ళమ్మ అలవాటు, తన అలవాటూ అదే. తొట్టికీ అదే మర్యాద జరిగింది. సాయంత్రం సారథి వ్యాను కదలగానే నీలం బల్బు వేసి దణ్ణం పెట్టుకునేది, పడుకునేటప్పుడు ఆర్పేసేది. నీలం వెలుగులో చేపలు మెరిసిపోతుంటే మురిసిపోయేది.

కొన్నాళ్ళకి రిబ్బను నాచు రంగు తగ్గింది. ఈక మొక్క కింది ఆకులన్నీ రాల్చేసి, పైకి పైకి సాగిపోయింది. ఒకరోజు వెడల్పాటి ఆకుని వేలితో సర్దబోతే అది ఉన్నపళంగా ఊడి చేతిలోకి వచ్చింది, పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉంది. అప్పుడు తగిలింది ఆవిడకి. ఏటా తను పిల్లల చేత చేయించే ప్రయోగం ఒకటుంది. కుండీలో మొక్క ఆకుకి నల్ల కాగితం చుట్టి ఉంచితే, వెలుగు తగలని ఆ మేర పిండిపదార్థం తయారు కాదు. "ఆకు వంట వెలుతురుతోనర్రా," అని బల్ల చరిచి చెప్పేది. అదే మనిషి ఇక్కడ గదికే నల్ల దుప్పటి చుట్టి, మొక్కల నెత్తిన నీలం బల్బు పెట్టి, రోజూ సాయంత్రం దణ్ణం పెడితే పెరుగుతాయనుకుంది. తనలో తనే బాగా తిట్టుకుంది, అదీ గుసగుసగానే.

మర్నాడు సారథి నిద్రలో ఉండగానే, కాసేపు వేసి చూద్దామని అరవై క్యాండిల్ బల్బు తగిలించింది. వెలుగు వచ్చింది, వేడీ వచ్చింది. నీళ్ళు గోరువెచ్చనై చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. ఇంతలో ఒక చేప ఎగిరి నీటి చుక్క బల్బు మీద పడింది. బల్బు ఢామ్మని పేలింది. సారథి మంచం మీద ఎగిరి కూర్చుని, "ఏమైంది? బండలు పేల్చారా?" అన్నాడు.

"ఏం లేదండీ, మీరు పడుకోండి," అని వాసంతి గుసగుసలాడింది, చేతిలో చీపురుతో.

ఇక లాభం లేదని బోరబండ వెళ్ళి ఒక కరెంటు సామాన్ల దుకాణం ఎక్కింది. దుకాణదారు హుషారైన మనిషి. చేపల తొట్టికి అనగానే రంగులన్నీ తీసి బల్ల మీద పరిచాడు.

"ఎర్రదున్నది, నీలమున్నది. గీ పచ్చది పెడ్తే షాదీఖానా లెక్క ఉంటదమ్మా."

"రంగులొద్దండి. తెల్లటి ట్యూబ్‌లైటు కావాలి. రెండడుగులది. తొట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా పడాలి."

"తెల్లదాంట్ల చేపలు ఏం మంచిగ కనపడ్తయి?"

"చేపల కోసం కాదండి, నాచు కోసం."

దుకాణదారు ఆవిడ వంక కాసేపు చూశాడు. నాచుని గీకి పారేయడానికి బ్రష్షులు కొన్నవాళ్ళని చూశాడు గానీ, నాచుకి లైటు కొనేవాళ్ళు అతనికి తగల్లేదు. అయినా కాగితంలో చుట్టి జాగ్రత్తగా ఇచ్చాడు. తొట్టి లోతు మూరెడే కనుక ఒక్క ట్యూబు వెలుగు అడుగు దాకా దిగుతుందని వాసంతి లెక్క వేసుకుంది. ఆ లెక్క సరైనదే. తప్పింది వేరే లెక్క.

తెల్లటి ట్యూబు వెలగగానే గదంతా పట్టపగలైంది. పగలు అది వేస్తే సారథి నిద్ర సంగతి అంతే. సరే, ఆకుకి గడియారం చూడటం రాదు కదా, రాత్రిని దానికి పగలు చేస్తే పోలేదా అనుకుంది. వ్యాను వెళ్ళగానే వేసి, పడుకునేముందు ఆర్పేది. అలా కొన్నాళ్ళయ్యాక, ఒక సాయంత్రం సారథి కాఫీ తాగుతుండగా, రిబ్బను నాచు మొదట్లో లేత ఆకుపచ్చ మొన ఒకటి ఇసకలోంచి తలెత్తి కనిపించింది. వాసంతి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని కింద నర్సమ్మ, "ఏమాయెనమ్మా?" అని కేకేసింది కూడా.

అంత చూశాక ఆశ ఊరుకుంటుందా? ఈ కాస్త వెలుగుకే ఒక ఆకు వేస్తే, ఇంకాస్త ఇస్తే ఎన్ని వేస్తుందో అనుకుంది. రాత్రి ఆర్పడం మానేసింది. గోడవైపు తిరిగి, కొంగు ముఖం మీద కప్పుకుని ట్యూబ్‌లైటు కిందే పడుకునేది. తెల్లారి వ్యాను చప్పుడు వినగానే లేచి ఆర్పేది. సారథికి తెలిస్తే నిద్ర పాడు చేసుకుంటున్నావని కోప్పడతాడు, అందుకే చెప్పలేదు. ఆ రోజుల్లోనే ఇంకో విశేషం గమనించింది. సాయంత్రం స్విచ్చి వేస్తే ట్యూబు మునపటిలా మినుకుమినుకుమనకుండా ఒక్కసారే వెలుగుతోంది. వోల్టేజీ బాగుపడిందని సంతోషించింది.

మొక్కలు మాత్రం బాగుపడలేదు. ముందు అద్దం లోపలంతా పచ్చటి పాచి పట్టింది. తరవాత ఆకుల మీద వెంట్రుకల్లాంటి పాచి మొలిచింది. వెడల్పాటి ఆకులు దాని కింద మునిగిపోయాయి. లేత మొన ఏమైందో కనిపించడమే లేదు. అద్దం గీకేది, రెండు రోజులకి మళ్ళీ పట్టేది. మే నెల చివరికి తొట్టి ముందు కూర్చుంటే చేపలు కూడా మసకమసకగా కదిలేవి. ఇంత వెలుగిచ్చినా బతకలేదంటే ఈ చోటే అచ్చిరాలేదు, ఇక చాలు అనుకుంది వాసంతి.

మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద నర్సమ్మకి పందెం సంగతంతా చెప్పేసింది. రామబ్రహ్మంగారికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పడానికి బయల్దేరుతున్నానంది.

నర్సమ్మ చేతిలో బియ్యం చేట పక్కన పెట్టింది. "నువ్వు యాడ ఉండాల్నో నాచు చెప్తదా బిడ్డా? సారును అడిగినవా?"

"ఆయన్ని అడిగితే నీ ఇష్టం అంటారండీ."

"నీ ఇష్టమేందో నీకెరుకనా మరి?"

వాసంతి లేచి చెప్పులు వేసుకుంది. ఫోన్ బూత్ దాకా సగం దూరం కూడా వెళ్ళలేదు, చెప్పు తెగింది. మే నెల మధ్యాహ్నం, కాళ్ళ కింద కంకర. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఇంకో జత తెచ్చుకుందామని కాళ్ళెత్తెత్తి వేస్తూ వెనక్కి పరుగెత్తింది. ఇనప మెట్లు పెనంలా కాలుతుంటే మునివేళ్ళ మీద, చప్పుడన్నదే లేకుండా, నాలుగంగల్లో పైకి ఎక్కి తలుపు తోసింది.

గదినిండా వెలుగు. తొట్టి మీద ట్యూబ్‌లైటు వెలుగుతోంది. మంచం మీద సారథి తడి తువ్వాలు మడత పెట్టి కళ్ళ మీద వేసుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఒక చెయ్యి మంచం మీద నుంచి స్విచ్చి వైపు చాచి ఉంది.

మర్చిపోయి వేశాడేమో అనుకుంది ముందు. తువ్వాలు చూశాక అలా అనిపించలేదు. ట్యూబు మినుక్కుమనకుండా ఎందుకు వెలుగుతోందో అప్పుడర్థమైంది. సాయంత్రం తను వేసేసరికి అది వేడిగానే ఉంటోంది. తెగిన చెప్పు చేతిలోనే పట్టుకుని మంచం పక్కన నేల మీద కూలబడింది. ఆ అలికిడికి సారథి కదిలి, కళ్ళు తెరవకుండానే స్విచ్చి మీద చెయ్యి వేసి ఆర్పేశాడు. తరవాత తువ్వాలు తీసి ఆవిడని చూశాడు.

"మెట్ల చప్పుడు వినపడలేదే," అన్నాడు, దొరికిపోయినవాడిలా.

"చెప్పు తెగింది. ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

"ఆ కొత్త ఆకు వచ్చిన మర్నాటి నుంచి. నువ్వు కిందికి దిగగానే వేస్తాను, నీ చెప్పుల చప్పుడు వినగానే ఆర్పేస్తాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఒప్పుకుంటావా? నా నిద్ర పోతుందంటావు. పోవట్లేదు వాసంతీ, తువ్వాలు తడుపుకుంటే హాయిగానే ఉంది. నువ్వు సాయంత్రం వేసేది నాలుగైదు గంటలేగా, అది చాలదేమోనని."

"నేను తెల్లవార్లూ వేస్తున్నానండీ," అంది వాసంతి.

ఇద్దరూ తొట్టి వంక చూశారు. పాపం దానికి కన్ను మూసే వీలే లేకుండా, ఒకరికి తెలియకుండా ఒకరు పగలూ రాత్రీ వెలుగు పోశారు. మొక్క తాగగలిగినంత తాగింది, మిగిలినదంతా పాచి తాగి బలిసింది. మొదట చీకటితో చంపబోయి, ఆ తరవాత ప్రేమతో చంపబోయారన్నమాట.

"అయినా మీకెందుకండీ దీని మీద ఇంత?" అంది వాసంతి.

సారథి తువ్వాలు మడతపెడుతూ చెప్పాడు. "ఆ ఆకు వచ్చిన రోజు నువ్వు గట్టిగా నవ్వావు. ఈ ఇంటికొచ్చాక నీ నవ్వు వినడం అదే మొదటిసారి. పెళ్ళిచూపుల్లో నీ గొంతు హాల్లోంచి వీధిలోకి వినపడింది, అది వినే ఒప్పుకున్నాను. నా నిద్ర కోసం ఆ గొంతు మింగేశావు. నేను ఒక తువ్వాలు వేసుకోలేనా?"

వాసంతికి ఏడుపు వచ్చింది. దుఃఖం కాదది. తను చీకట్లో ఒంటరిగా కూర్చున్నానని ఇన్ని నెలలు అనుకుంది. అదే చీకట్లో పక్కన ఒక మనిషి, ప్రాణమైన నిద్రలోంచి రోజూ కాస్త తీసి, తన నాచుకి పెడుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఇంత రుణపడినట్టు ఆవిడకి అనిపించలేదు. ఆ మాట అతనితో అనేసింది. సారథి సిగ్గుపడి, కాఫీ పెడతావా అని మాట మార్చాడు.

ఆ సాయంత్రమే కొమురయ్య పనిలోంచి రాగానే, ఖాళీ నూనె డబ్బా ఒకటి అడిగి తెచ్చుకున్నారు. "రేకుతోని ఏం జేస్తరు సార్?" అంటూనే కత్తెరతో కోసి, పొడుగ్గా దోనెలా వంచి ఇచ్చాడాయన. లోపలివైపు తెల్ల రంగు పూసి, ట్యూబుని అందులో బిగించి తొట్టి మీద బోర్లించారు. ఇప్పుడు వెలుగంతా నేరుగా నీళ్ళలోకే దిగింది, మంచం మీద పడలేదు. పాచి పట్టిన ఆకులు కత్తిరించేశారు, అద్దం గీకారు, సగం నీళ్ళు మార్చారు. పొద్దున సారథి పడుకునేటప్పుడు లైటు వేయాలి, సాయంత్రం బయటికి వెళ్ళేముందు ఇద్దరిలో ఎవరో ఒకరు ఆర్పాలి, రాత్రి మొక్కలూ వాసంతీ చీకట్లో నిద్రపోవాలి. ఇదీ టీచరమ్మ వేసిన టైంటేబుల్. మర్నాడు నీళ్ళలోంచి వచ్చే ఆ మెత్తటి వెలుగులో, తొట్టి పక్కన చాప వేసుకుని కూర్చుని, వాసంతి పట్టపగలు తన గదిలో పుస్తకం చదువుకుంది.

మొక్కలు బతుకుతాయో లేదో ఇంకా తెలియదు. ఆకులు పోయి, పిలకలు మోళ్ళుగా నిలబడి ఉన్నాయి. చిగురు జాడ లేదు. అయినా ఆ వారంలోనే ఒక సాయంత్రం, వ్యాను రావడానికి ఇంకా టైముందనగా, వాసంతి భర్తని వెంటబెట్టుకుని ఫోన్ బూత్‌కి వెళ్ళింది. పందెం గురించి దారిలో అతనికి చెప్పింది. అతని నడక నెమ్మదైంది.

బూత్ బయట నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. సారథి అద్దం తలుపు పక్కన నిలబడ్డాడు. లైను కలిసింది.

"రామబ్రహ్మంగారూ, నేనండీ, వాసంతిని," అంది, అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఎవరూ? వినపడట్లేదమ్మా!"

"వాసంతినండీ. సెలవు గురించి..."

"గట్టిగా చెప్పమ్మా! లైను బాగాలేదు!"

వాసంతి నోటి మీద చెయ్యి తీసేసింది. ఊపిరి పీల్చుకుంది.

"నేను రావడం లేదండీ! ఇక్కడే ఉంటున్నాను! ఇక్కడే ఏదో ఒక బళ్ళో చేరతాను! నా క్లాసు ఇంకొకరికి ఇచ్చేయండి! మీరు చేసిన మేలు మర్చిపోనండీ!"

అద్దం తలుపులు ఆ గొంతుని ఏం ఆపగలవు? బయట నిలబడ్డవాళ్ళందరూ ఇటు తిరిగారు. రోడ్డు అవతల తోపుడు బండి మీద వంకాయలు సర్దుకుంటున్న మనిషి తలెత్తి, ఈవిడేనా ఆవిడ అన్నట్టు చూశాడు. అవతల రామబ్రహ్మంగారు, "ఆఁ, ఇదీ మా వాసంతి గొంతు! సుఖంగా ఉండమ్మా," అన్నారు.

బయటికి వచ్చేసరికి సారథి జేబురుమాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. చెమట అన్నాడు. వాసంతి నమ్మినట్టు తలూపింది. నాలుగడుగులు వేశాక ఆగింది.

"అన్నట్టు లైటు ఆర్పారా?" అని రోడ్డంతా వినపడేలా అడిగింది.

"నువ్వు ఆర్పావనుకున్నా," అన్నాడు సారథి.

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, వ్యాను వచ్చే లోపల మెట్లెక్కాలని ఇంటివైపు పరుగు తీశారు.